రెండు గిన్నెలు, మధ్యలో గేటు

22 సెప్టెంబరు 2024, ఆదివారం

మా అమ్మాయి జర్మనీ వెళ్ళింది, దాని లాబ్రడార్ మోచా రాజమండ్రి వచ్చింది. కుక్కని వెంట తీసుకెళ్ళాలంటే ఐరోపా వాళ్ళ లెక్కలు చాలా ఉన్నాయి. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా. టీకా అయ్యాక 30 రోజులు ఆగి రక్తం తీయించి వాళ్ళు ఒప్పుకున్న ల్యాబుకి పంపాలి. ఫలితం బాగున్నా సరే, రక్తం తీసిన రోజునుంచి మూడు నెలలు ఇక్కడే ఉండాలి. యూనివర్సిటీ అన్నాళ్ళు ఆగదు కదా. పిల్ల ఎక్కింది, మోచా దిగింది.

మోచాకి రెండేళ్ళు. మా గౌతమికి తొమ్మిది. 2015 పుష్కరాలప్పుడు కోటిలింగాల ఘాట్ దగ్గర ఎవరో వదిలేసిన నాటు కుక్కపిల్ల మా గౌతమి. ఆ పేరు మావారు పెట్టిందే. రెండూ ఆడవి, రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది.

సాయంత్రం అన్నం పెడుతుంటే గౌతమి గుర్రుమంది. ఈ ఇంట్లో అది అలా అనడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ అనాల్సిన అవసరం దానికి రాలేదు.

24 సెప్టెంబరు

"ఏయ్, నోర్ముయ్!" అని ఆయన గదమాయించారు. గౌతమి నోరు మూసింది. మూసి, గిన్నె మీద తల వంచి, తినకుండా, కదలకుండా నిలబడింది. మోచా మూడడుగుల దూరంలో తోక ఊపుతూ ఆ గిన్నె వంకే చూస్తోంది.

చప్పుడు ఆగింది కాబట్టి గొడవ ఆగిందని ఆయన ఉద్దేశం.

"అలా తిట్టకండి. అననివ్వండి" అన్నాను.

"ఇంట్లో కుక్క గుర్రుమంటుంటే ఊరుకోమంటావా?"

"ఊరుకోమనే అంటున్నాను."

గుర్రు అనేది "ఇంకొక్క అడుగు ముందుకెయ్యకు" అని చెప్పడం. చెప్పినందుకు తిట్లు పడితే రెండోసారి చెప్పదు. భయం, కోపం మాత్రం ఎక్కడికీ పోవు. ఆ తర్వాత ఏదో ఒకరోజు కరుస్తుంది. అప్పుడు ఇంటివాళ్ళు, "ఏ చడీ చప్పుడూ లేకుండా కరిచేసిందండీ, దాని బుద్ధే అంత" అంటారు. చప్పుడు లేకుండా చేసింది ఎవరో అడగరు.

ఆయన రాత్రి పడుకోబోతూ మళ్ళీ ఎత్తారు. "మొరిగే కుక్క కరవదంటారు కదా?" కరవదని కాదు, కరవాల్సిన పని పడకుండా చూసుకుంటుంది అన్నాను. "అర్ధరాత్రి పాఠాలు వద్దు" అని అటు తిరిగిపోయారు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినదాన్ని చేసుకున్నాక ఇవి తప్పవు.

27 సెప్టెంబరు

గౌతమిని కూర్చుని చూస్తున్నాను. గుర్రుమనడానికి ముందే అది చాలా చెబుతోంది. మోచా వంటింటి గుమ్మం దాకా రాగానే ముక్కు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకి తిప్పుతుంది కానీ కన్ను మాత్రం ఇటే ఉంటుంది, ఓర నుంచి తెల్లగుడ్డు కనపడుతుంది. తినే వేగం పెరుగుతుంది. చివరికి ఒళ్ళంతా బిగుసుకుంటుంది. ఆ బిగువు తర్వాతే గుర్రు.

బ్రిటన్‌లో కెండల్ షెపర్డ్ అనే పశువైద్యురాలు దీన్నే నిచ్చెనగా గీసింది. అడుగు మెట్ల మీద ఆవలింతలు, కళ్ళార్పడం, ముక్కు నాకడం. తర్వాత తల తిప్పడం, ఒళ్ళు తిప్పడం, లేచి వెళ్ళిపోవడం. ఆ పైన చెవులు వెనక్కి వాల్చి నక్కి నక్కి నడవడం, తోక ముడవడం, వెల్లకిలా పడుకుని కాలెత్తడం. ఇంకా పైన బిగుసుకుపోయి గుడ్లప్పగించి చూడడం. గుర్రు ఆ పైమెట్టు. తర్వాత మిగిలినవి రెండే, గాల్లో కొరకడం, నిజంగా కరవడం.

అంటే గుర్రు వినపడేసరికి మనం చాలా మెట్లు చూడకుండా వదిలేశామన్నమాట. మోచా అయితే అసలేమీ చూడదు. అపార్టుమెంటులో మనుషుల మధ్య ఒంటరిగా పెరిగింది. ఎదురుగా ఎవరున్నా ఆడుకోవడానికే వచ్చారనుకుంటుంది.

30 సెప్టెంబరు

వడ్రంగిని పిలిపించి వంటింటికీ హాలుకీ మధ్య చెక్క గేటు పెట్టించాను. నడుం ఎత్తుది, నిలువు పలకలు, అవతల గడియ. "ఎవరికమ్మా, మనవలకా?" అన్నాడు. కుక్కలకి అంటే కొలత మళ్ళీ తీశాడు.

గౌతమికి అన్నం వంటింట్లో, మోచాకి వరండాలో. ఇద్దరి గిన్నెలూ ఒకేసారి కింద పెట్టి, తినడం అయ్యాక రెండూ తీసేసి, కడిగేశాకే గేటు తీస్తాం. ఖాళీ గిన్నె మీద కూడా యుద్ధాలు జరుగుతాయి. అందులో వాసన ఉంటుంది కదా. బొమ్మలూ, నమిలే ఎముకలూ ఇద్దరూ కలిసి ఉన్నప్పుడు నేల మీద కనపడకూడదు. నీళ్ళ గిన్నెలు మాత్రం ఇంటి నిండా పెట్టాను. నీళ్ళ దగ్గర ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేకుండా.

పనిచేసే సత్యవతి ఇదంతా చూసి, "అమ్మగారూ, ఒకే పళ్ళెంలో పెడితే అలవాటైపోద్దండి. మా ఊళ్ళో అలాగే పెంచుతాం" అంది. వాళ్ళ ఊళ్ళో కుక్కకి వీధంతా ఉంది. నచ్చకపోతే లేచి పక్క వీధికి పోతుంది. మా హాలు పన్నెండడుగులు, అందులో సోఫా ఒకటి.

3 అక్టోబరు

బుడాపెస్ట్‌లో కుక్కల మీద పనిచేసే పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి చదివాను. 2010లో అచ్చయింది. గదిలో ఒక ఎముక పెట్టారు. దాని వెనకాల గుడ్డ కప్పిన బోనులో లౌడ్ స్పీకర్ దాచారు. కుక్క ఎముక దగ్గరికి రాగానే ఒక గుర్రు వినిపించారు. ఒక్కో కుక్కకి ఒక్కో రకం. ఎముక కాపాడుకుంటున్న కుక్కది, కొత్త మనిషిని చూసి బెదిరిస్తున్న కుక్కది, ఆటలో గుర్రుమంటున్న కుక్కది. మన చెవికి మొదటి రెండూ ఇంచుమించు ఒకటే. కుక్కలు మాత్రం ఎముక గుర్రు విన్నప్పుడే ఎక్కువగా వెనక్కి తగ్గాయి. కొత్తమనిషిని బెదిరించే గుర్రుని అంత లెక్కచెయ్యలేదు. అది తమని కాదని వాటికి తెలుసు.

అంత నికరంగా చెప్పుకోగలిగిన వాటి మధ్య దూరి, "ష్, గప్‌చుప్" అనడం ఆయన ఒక్కరి అలవాటే కాదు, వీధంతటిదీ.

మోచా ఆటలో గుర్రుమంటుంది, పాత తువ్వాలు లాక్కునేటప్పుడు. ముందుకాళ్ళు వంచి, పిరుదులు పైకెత్తి, ఒళ్ళంతా వదులుగా పెట్టి. అది వేరు సంగతి. ఒళ్ళు చూస్తే చాలు, చెవి అక్కర్లేదు.

6 అక్టోబరు

పక్కింటి పిన్నిగారు గేటు చూడ్డానికే వచ్చారు. "ఇద్దరాడవాళ్ళు, ఒక వంటిల్లు. తోడికోడళ్ళ లాగే ఉంటారమ్మా, సర్దుకుంటారు" అన్నారు. తోడికోడళ్ళు సర్దుకున్న ఇళ్ళ కన్నా వేరింటి కాపురాలు పెట్టాక మంచిగా మాట్లాడుకున్న ఇళ్ళే నాకు ఎక్కువ తెలుసు. పైకి అనలేదు.

వెళ్తూ వెళ్తూ మా దేవుడి గదిలో దత్తాత్రేయుడి పటం చూపించారు. "నాలుగు కుక్కలూ ఎంత చక్కగా కూర్చున్నాయో చూడు." చూశాను. నాలుగూ నాలుగు చోట్ల కూర్చున్నాయి. ఏదీ ఇంకోదాని మొహం వంక చూడటం లేదు, మధ్యలో గిన్నె లేదు. ఆ పటం వేసినాయన కుక్కల్ని పెంచినవాడే అయ్యుంటాడు.

9 అక్టోబరు

ఎవరో చెబితే ఆయన ఒక ట్రైనర్‌ని తీసుకొచ్చారు. కుర్రాడు. మంచి షూస్, నడుముకి సంచి, చేతిలో మెడకి బిగిసే ఇనప గొలుసు. "ఇంట్లో లీడర్ ఎవరో దానికి తెలియాలి మేడమ్. గుర్రుమన్న వెంటనే వెల్లకిలా పడేసి మెడ పట్టుకుని లొంగేదాకా వదలకూడదు. తోడేళ్ళలో ఆల్ఫా అదే చేస్తుంది" అన్నాడు. గౌతమి మీద చెయ్యి వెయ్యబోతే వద్దన్నాను. కాఫీ ఇచ్చి పంపించాను.

ఈ ఆల్ఫా కథకి పెద్ద చరిత్రే ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లో బాసెల్ జూలో తోడేళ్ళని చూసి రాశాడు. అవి ఒకదానికొకటి కొత్తవి, తప్పించుకుపోవడానికి చోటు లేని దొడ్లో ఉన్నాయి, కొట్టుకున్నాయి. గెలిచిన దాన్ని ఆల్ఫా అన్నాడు. 1970లో అమెరికాలో డేవిడ్ మెక్ తోడేళ్ళ మీద పెద్ద పుస్తకం రాస్తూ ఆ మాటే వాడాడు, అది ప్రపంచమంతా పాకింది. తర్వాత అదే మెక్ కెనడా ఉత్తరపు మంచు ద్వీపంలో అడవి తోడేళ్ళ వెంట ఎండాకాలాలు గడిపి, 1999లో ఆ మాట సరికాదని రాశాడు. అడవిలో మంద అంటే అమ్మా, నాన్నా, వాళ్ళ పిల్లలూ. పెత్తనం కోసం పోరాడి గెలిచే పని అక్కడ లేదు, కని పెంచితే చాలు. తన పాత పుస్తకం అచ్చు ఆపెయ్యమని ప్రచురణకర్తలకి తనే చెప్పుకున్నాడు. ఆ సంగతి మా ట్రైనర్ దాకా ఇంకా రాలేదు.

ఆ ట్రైనర్ మీద మావారు నాకన్నా కోపంగా ఉన్నారు, అదొక వింత. నన్నయ ఊరి మనిషినని ఆయనకో గర్వం. పేపరుమిల్లులో షిఫ్టులు చేస్తూనే ఆదిపర్వం చదువుకున్న మనిషి. భోజనాల దగ్గర దేవతల కుక్క సరమ కథ ఎత్తారు. జనమేజయుడి యాగశాలకి సరమ కొడుకు వెళ్ళాడు. హవిస్సు ముట్టలేదు, కనీసం దాని వంక చూడలేదు. రాజు తమ్ముళ్ళు ఊరికే కొట్టారు. వాడు ఏడుస్తూ అమ్మ దగ్గరికి పోతే, అమ్మ నేరుగా రాజుసభకి వచ్చి, "ఏం చేశాడని కొట్టారు?" అని నిలదీసింది. సభలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు. "అందుకే శాపం తగిలింది" అని ముగించి పెరుగన్నం కలుపుకున్నారు. రెండు వారాల క్రితం గౌతమిని నోర్ముయ్యమన్నది ఈయనే.

12 అక్టోబరు, దసరా

పూజకి కుక్కల బెల్టులకీ పసుపు కుంకుమలు పెట్టాం. గారెలు ఎవరికీ పెట్టలేదు. ఉల్లిపాయ కుక్కలకి పడదు.

16 అక్టోబరు

గౌతమిని పశువుల డాక్టరు గారికి చూపించాను. గుర్రు గిన్నె దాటి పరుపు దాకా వచ్చింది. పడుకున్నప్పుడు మోచా దాటుకుని వెళ్ళినా అంటోంది. వయసు పైబడ్డ కుక్క ఉన్నట్టుండి చిరాకుగా మారితే ముందు ఒళ్ళు చూడాలి, తర్వాత బుద్ధి.

డాక్టరు గారు చెవులు చూశారు, పళ్ళు చూశారు, మెడ కింద పిడుదుల కోసం వెతికారు. మన ఎండల్లో పిడుదుల జ్వరం కుక్కల్ని నెలలకొద్దీ లోలోపల తినేస్తుందట. అది లేదు. వెనక కాలు మెల్లగా వెనక్కి లాగేసరికి గౌతమి తల గిరుక్కున తిప్పి ఆయన చేతి వంక చూసింది. ఎక్స్‌రేలో తుంటి కీలు అరిగినట్టు కనపడింది. మోచా ముప్పై కిలోల శరీరంతో పరిగెత్తుకొచ్చి తుంటికి గుద్దుకుంటుంటే "దగ్గరికి రాకు" అనక ఏమంటుంది?

నొప్పికి మందు రాశారు. "ఇంట్లో మీరు వేసుకునే బిళ్ళలు మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి" అని రెండుసార్లు చెప్పారు. మనుషుల నొప్పిబిళ్ళలు, ముఖ్యంగా ఇబుప్రొఫెన్, కుక్కల కడుపునీ మూత్రపిండాల్నీ పాడుచేస్తాయి. బరువు తగ్గించమన్నారు. నున్నటి గచ్చు మీద కాలు జారకుండా గోనెపట్టాలు పరవమన్నారు. హాలంతా ఇప్పుడు ధాన్యం కొట్టులా ఉంది.

21 అక్టోబరు

మా వీధి చివర ఒక కుక్కల గుంపు ఉంది. రోజూ పదకొండింటికి అవి మా వీధి గేటు ముందునుంచి నడిచి వెళ్తాయి. లోపల ఇవి రెండూ గేటు మీద పడి అరుస్తాయి. బయటివాటిని అందుకోలేవు. ఆ ఉడుకు తీరక పక్కనున్న దాని మీదికి తిరుగుతాయి. ఇవాళ మోచా గౌతమి మెడ పట్టబోయింది. వాటి మధ్య పాత కక్షంటూ ఏమీ లేదు, ఆ నిమిషంలో దగ్గరున్నది గౌతమి, అంతే.

గేటు కమ్మీలకి లోపల్నుంచి రేకు కొట్టించాను, అవతల కనపడకుండా. పదకొండింటికి మోచా లోపల ఉంటుంది. వీధి కుక్కల మీద కోపం లేదు. వాటికి 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. చెవి కొస కత్తిరించి ఉంటే అయిందని గుర్తు. మా గుంపులో రెండింటికి ఆ గుర్తుంది. అవి అరవను కూడా అరవవు, నడుచుకుంటూ పోతాయి.

31 అక్టోబరు, దీపావళి

మధ్యాహ్నం నుంచే టపాకాయలు మొదలుపెట్టారు. గౌతమికి స్నానాలగది, పాత దుప్పటి, ఎక్జాస్ట్ ఫ్యాను చప్పుడు. మోచాకి మా పడకగది, తలుపులు బిగించి, టీవీ పెద్దగా. ఇద్దరినీ ఒకే గదిలో పెడితే ధైర్యంగా ఉంటారని అమ్మాయి వీడియో కాల్‌లో అంది. వద్దన్నాను. భయపడ్డ కుక్కకి ఎదుటి కుక్క ఓదార్పు అని మనం అనుకుంటాం.

2 నవంబరు, శనివారం

నిన్న సాయంత్రం కొట్టుకున్నాయి.

దీపావళి మర్నాడు ఇంకా టపాకాయలు ఆగలేదు. గౌతమి రాత్రంతా నిద్రపోలేదు, నొప్పిమందు కక్కేసింది. పొద్దున వీధి గుంపు. సాయంత్రం పక్కింటివాళ్ళు ఇచ్చిన స్వీట్ల కవరు హాల్లో బల్ల మీంచి జారిపడింది. ఇవన్నీ విడివిడిగా వస్తే దేనికదే దాటిపోయేది. ఒకదాని మీద ఒకటి పడ్డాయి. భయపడి ఉడికిన ఒళ్ళు గంటలో చల్లారదు, ఒక్కోసారి రోజులు పడుతుంది. గౌతమి గుర్రుమంది కూడా. కానీ బయట లక్ష్మీబాంబుల మధ్య అది మోచాకీ వినపడలేదు, మాకూ వినపడలేదు.

నేను వంటింట్లోంచి పెద్ద ఇత్తడి పళ్ళెం, గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చి మోగించాను. అప్పటికే ఆయన చెయ్యి మధ్యలో ఉంది. ఎంత చెప్పినా మనిషి చెయ్యి ముందు అక్కడికే పోతుంది. చప్పుడుకి ఒక్క క్షణం విడిపోయాయి. సోఫా దిండు మధ్యలోకి తోసి, గేటు అవతలికి మోచాని నెట్టాను. దుప్పటి విసరొచ్చు, నీళ్ళు కొట్టొచ్చు, కుర్చీ అడ్డం పెట్టొచ్చు. చేతులు తప్ప ఏదైనా పనికొస్తుంది. బెల్టు పట్టి లాగకూడదు. పట్టిన పళ్ళు వదలకముందే లాగితే గాయం చీలుతుంది.

గౌతమి చెవి కింద రెండు చిన్న రంధ్రాలు. పైకి చిన్నవే, లోపల లోతు. డాక్టరు గారు వెంట్రుకలు గొరిగి, కడిగి, కుట్టకుండా వదిలి, మాత్రలిచ్చారు. మోచాకి పెదవి చీలింది.

ఆయన బొటనవేలి మొదట్లో పన్ను దిగింది. ఏ కుక్కదో ఎవరికీ తెలీదు. పంపు కింద సబ్బు రాసి పదిహేను నిమిషాలు కడిగాం, గడియారం చూస్తూ. కారం, పసుపు ఏదీ పెట్టనివ్వలేదు. రెండు కుక్కలకీ రేబీస్ టీకాలు సరిగ్గానే ఉన్నాయి. అయినా ఇవాళ పొద్దున ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం. రక్తం వచ్చింది కాబట్టి మూడో కేటగిరీ అని గాయం చుట్టూ సీరం ఎక్కించి, భుజాలకి టీకా మొదలుపెట్టారు. ఇవాళ, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కుక్కల్ని పది రోజులు గమనిస్తూ ఉండమన్నారు.

"కుక్క కాటుకి చెప్పు దెబ్బన్నారు పెద్దలు" అని ఆసుపత్రి బెంచీ మీద పక్కాయన సలహా ఇచ్చాడు. మావారు, "ఏ కుక్కని కొట్టాలో తేలితే చెప్తానండీ" అన్నారు.

4 నవంబరు, కార్తీక సోమవారం

ఇంటికి షిఫ్టులు పెట్టాం. పొద్దున ఆరు నుంచి పది దాకా హాలు గౌతమిది, పది నుంచి రెండు దాకా మోచాది, అలా. ఒకరు బయట ఉంటే ఇంకొకరు తలుపు వెనక. ఎదురుపడే మాటే లేదు. మిల్లులో ఏ, బీ, సీ షిఫ్టులు చూసిన మనిషి కాబట్టి చార్టు ఆయనే గీసి ఫ్రిజ్‌కి అంటించారు. గొడవ జరిగిన మర్నాడే "రండమ్మా, రాజీ పడండి" అని మొహాలు మొహాలూ పెట్టించేవాళ్ళని చూశాను. ఒళ్ళు చల్లారాలి ముందు.

ఇంకో చిక్కు. కార్తీకమాసం అంతా మా వంటింట్లో నీచు వండం. కుక్కలకి ఉపవాసాలు తెలీవు. పెరట్లో పాత కిరోసిన్ స్టవ్ మీద, వేరే గిన్నెలో, సత్యవతి చికెన్ ఉడకేస్తోంది. ఎముకలు తీసేసి పెట్టాలి, ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుకి గుచ్చుకుంటుంది. నేను ఆ వైపు వెళ్ళను. వాసన మాత్రం నా దగ్గరికే వస్తుంది.

5 నవంబరు

నాగులచవితి. వీధంతా పుట్టలో పాలు పొయ్యడానికి వెళ్తే ఆయన రెండో ఇంజెక్షన్‌కి వెళ్ళారు.

10 నవంబరు

గోదారి గట్టు మీద నడక. ఆయన మోచాతో ముందు, నేను గౌతమితో వెనక, మధ్యలో ఒక లారీ పట్టేంత దూరం. ఎదురెదురు కాదు, ఒకే వైపు. ఒకరి మొహం ఒకరికి కనపడదు, వాసన మాత్రం గాలిలో వస్తుంది. ఇద్దరికీ చూడ్డానికి, ముక్కు పెట్టడానికి వేరే సంగతులుంటాయి. దూరం రోజు రోజుకీ కొంచెం తగ్గించాలి. ముక్కు నాకడం, బిగుసుకోవడం కనపడితే మళ్ళీ పెంచాలి. గొలుసు బిగించకూడదు. గొలుసు బిగిస్తే తల పైకి లేస్తుంది, ఛాతీ ముందుకొస్తుంది, ఎదుటిదానికి అది సవాలులా కనపడుతుంది.

పొద్దున్నే కార్తీక స్నానాలకి వచ్చినవాళ్ళు దారిస్తున్నారు. ఒకావిడ మోచాకి అరటిపండు ముక్క పెట్టింది. పద్ధతంతా ఆ ముక్క దగ్గర చెడింది. గౌతమి చూసింది.

18 నవంబరు

అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు ఒకే ఇంట్లో కొట్టుకునే 38 కుక్కల జంటల్ని పరిశీలించి 2011లో రాశారు. ఐదింట నాలుగు జంటలు ఒకే లింగానివి. ఆడవాటి గొడవలే ఎక్కువ. మొదలుపెట్టేది ఎక్కువగా చిన్నది, ఇంటికి తర్వాత వచ్చింది. గొడవకి పెద్ద కారణాల్లో ఒకటి, యజమాని ఒకదాన్ని దగ్గరికి తీసుకోవడం.

చదివి ఆయనకి వినిపించాను. మోచా తల ఆయన ఒళ్ళో ఉంది అప్పుడు. గేటు అవతల గౌతమి. చదువుతున్నంతసేపూ ఆయన నిమురుతూనే ఉన్నారు. "అమెరికాలో కుక్కలు వేరులే" అన్నారు.

ఆ పరిశోధనలో పనికొచ్చిన చిట్కా ఒకటి ఉంది. ఇంట్లో ఒకదానికి, ఎక్కువగా పెద్దదానికి, అన్నీ ముందు ఇవ్వడం. ఇంకోటి, ఏదైనా ఇచ్చేముందు కూర్చోమనడం, చెప్పిన మాట విన్నాకే ఇవ్వడం. రెండోది మోచాకి బాగా పనిచేస్తోంది. మొదటిదాని గురించి నాకు అనుమానమే. తుంటి నొప్పి ఉన్న ముసలిదాన్ని ముందు నిలబెడితే వెనకాల ఉన్నది వచ్చి గుద్దుతుంది. మా ఇంట్లో ముందూ వెనకా లేదు, ఇటూ అటూ ఉంది.

25 నవంబరు

మోచాకి బుట్ట లాంటి మూతి తొడుగు తెప్పించాం. గుడ్డది కాదు, గుడ్డది వేస్తే నోరు తెరిచి రొప్పలేవు, మన ఉక్కకి ప్రాణం మీదికొస్తుంది. బుట్టలో నాలుక బయటపెట్టొచ్చు, నీళ్ళు తాగొచ్చు. అడుగున పెరుగు రాసి పట్టుకుంటే మూతి అదే పెడుతుంది. కట్టడం తర్వాత సంగతి, ముందు పెరుగు. ఇప్పుడు తొడుగు తీస్తే పరిగెత్తుకొస్తోంది. పక్కింటి పిల్లాడు "అది కరుస్తుందా ఆంటీ?" అని గోడ దిగి పోయాడు. పోనీ, వాడు ఎక్కే గోడ మాదే.

5 డిసెంబరు

గేటు తీసి ఉంది, ఇద్దరూ హాల్లోనే, తొడుగు ఉంది. గౌతమి గోనెపట్టా మీద పడుకుని ఉంటే మోచా అటుగా వచ్చింది. గౌతమి గుర్రుమంది, లేవకుండానే, కొద్దిగా. మోచా ఆగింది. తల పక్కకి తిప్పింది. నేల వాసన చూస్తున్నట్టు నటించి, పెద్ద చుట్టు తిరిగి బాల్కనీకి వెళ్ళిపోయింది.

ఆయన నోరు తెరిచారు. నా వంక చూసి మూసుకున్నారు.

మోచా పక్కన ఒక చికెన్ ముక్క, గౌతమి పక్కన ఒకటి, ఒకరికి కనపడకుండా ఒకరికి. కార్తీకం అయిపోయింది.

14 డిసెంబరు

అమ్మాయి ఫోన్. మైక్రోచిప్, టీకా కాయితాలు సిద్ధం చేస్తానంది, మోచాని వేసవికి రప్పించుకుంటుందట. "అప్పటికి రెండూ ఫ్రెండ్స్ అయిపోతాయేమో కదమ్మా, విడదీస్తే బాధపడతాయేమో" అంది. ఫ్రెండ్స్ అవ్వవు, బాధా పడవు, నువ్వు రక్తపరీక్ష తేదీ చూసుకో అన్నాను. కాసేపు అలిగింది. అవి స్నేహితులు కావాలని ఎందుకంత కోరిక మనకి? ఒక ఇంట్లో ఉంటూ, ఒకరినొకరు పట్టించుకోకుండా, ఎవరి అన్నం వాళ్ళు తింటే తక్కువా? మాది ముప్పై ఐదేళ్ళ కాపురం. అందులో సగం అలాగే గడిచింది, పైగా బాగానే గడిచింది.

11 జనవరి 2025

ఎల్లుండి భోగి. ఆడపడుచు, మరిది, వాళ్ళ పిల్లలు, మొత్తం హైదరాబాదు దిగుతోంది. వచ్చేవాళ్ళకి ముందే ఫోన్‌లో చెప్పేశాను. కుక్కలకి అరిసెలు పెట్టకండి, పడుకున్నదాన్ని లేపకండి, గుర్రుమంటే తిట్టకండి, వెనక్కి రండి. గేటు తీసినవాళ్ళు మూసి రావాలి.

మరిది, "వదినా, పండక్కి రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి పిల్లకి పంపిద్దాం" అన్నాడు. రెండు ఫోటోలు తియ్యి, ఆ పక్కన ఈ పక్కన అతికించుకో, నీ ఫోన్‌లో అలాంటివి బోలెడున్నాయి కదా అన్నాను. వడ్రంగికి మళ్ళీ కబురు పెట్టాను. చిన్నపిల్లలకి అందకుండా గేటుకి పైన ఇంకో గడియ కావాలి, రేపు పొద్దున్నే వస్తానన్నాడు.